లోపల నుంచి పొంగకపోయినా అది ఆరాధనే: తెలుగు సంఘాల పాస్టర్లకు, వర్షిప్ లీడర్లకు బహిరంగ లేఖ

పూజ్యులైన పాస్టర్ అయ్యగార్లకు, ఆదివారం ఆరాధన నడిపించే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, వేదాంత కళాశాలల్లో ఆరాధన గురించి పాఠం చెప్పే పెద్దలకు,

ప్రభువు నామంలో వందనాలు.

నేను పాతికేళ్లుగా డిగ్రీ కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతున్నాను. పుట్టి పెరిగింది సి.ఎస్.ఐ. సంఘంలో. పెళ్లయ్యాక ఊరు మారింది, గుడి మారింది. ఈ ఉత్తరం రాయాలని ఏడాదిగా అనుకుంటున్నాను. ఎవరి మీదా కోపంతో రాయడం లేదు. ఒక మాట మన సంఘాల్లో బాగా పాతుకుపోయింది. అది బైబిల్లోంచి వచ్చిందని అందరం నమ్ముతున్నాం. అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, ఎందుకంటే ఆ మాటే నేను క్లాసులో పాఠంగా చెబుతాను.

గత ఏడాది ఒక ఆదివారం ఆరాధన నడిపిస్తున్న అబ్బాయి మైకులో ఇలా అన్నాడు: "రాసిపెట్టుకున్న ప్రార్థన చచ్చిన ప్రార్థన. కంఠస్థం చేసిన మాటలు దేవుడికి అక్కర్లేదు. నీ గుండెలో నుంచి ఏది పొంగితే అదే ఆరాధన. ఏమీ పొంగడం లేదంటే నువ్వింకా ఆరాధన మొదలే పెట్టలేదు." చుట్టూ ఉన్నవాళ్లు ఆమెన్ అన్నారు. నేను అనలేకపోయాను.

ఆ వారమే బి.ఏ. రెండో సంవత్సరం పిల్లలకు భావకవిత్వం చెప్పాను. కవిత్వం నియమాల్లోంచి రాదని, పూర్వకవులు వేసిన దారిలోంచి రాదని, కవి హృదయంలోంచి దానంతటదే పొంగి వస్తుందని భావకవులు నమ్మారని బోర్డు మీద రాశాను. ఆ నమ్మకం వాళ్లకు ఇంగ్లీషు కాల్పనిక (రొమాంటిక్) కవుల నుంచి వచ్చిందని చెప్పాను. 'పొంగడం' అనే మాట కూడా వాడాను. ఆదివారం అదే మాట, దాదాపు అదే వాక్యం, దేవుని వాక్యమన్నంత అధికారంతో మైకులో వినిపించింది.

ఆ రోజు నా పక్కన మా చెల్లెలు కూర్చుని ఉంది. అప్పటికి ఆరు నెలలుగా డిప్రెషన్‌కు మందులు వాడుతోంది. పాట నెమ్మదించింది, కీబోర్డు సన్నగా సాగుతోంది, చాలామంది ఏడుస్తున్నారు. తను నా చెవిలో అంది: "అక్కా, నాకు ఏమీ అనిపించట్లేదు. ఏడుపు కూడా రావట్లేదు. దేవుడు నన్ను వదిలేశాడేమో." తర్వాతి ఆదివారం రానంది. ఆ తర్వాత అడగడం నేనే మానేశాను.

అందుకని మొదట ఆ మాట పుట్టుక చెబుతాను. కొంచెం ఓపిగ్గా చదవండి.

18వ శతాబ్దం చివర్లో యూరప్‌లో చదువుకున్నవాళ్ల దృష్టిలో మతమంటే రెండే. ఒకటి, దేవుడున్నాడని తర్కంతో నిరూపించడం. రెండు, మంచి నడవడి. ఆదివారం ప్రసంగాలు కూడా చాలాచోట్ల నీతిపాఠాలుగా మారిపోయాయి. బెర్లిన్‌లో కొందరు యువ రచయితలు దీన్ని తట్టుకోలేకపోయారు. మనిషిలో తర్కానికి అందనిది ఉంది, ఊహ ఉంది, ప్రకృతి ముందు నిలబడితే కలిగే వణుకు ఉంది, వాటికి చోటేదని అడిగారు. ఈ ధోరణినే కాల్పనికవాదం అంటారు. ఫ్రెడరిక్ ష్లేగెల్ వాళ్లలో ముఖ్యుడు. ఆయనతో కొంతకాలం ఒకే ఇంట్లో ఉన్న స్నేహితుడు ఒక పాస్టరు. బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో రోగుల మధ్య సేవ చేసేవాడు. పేరు ఫ్రెడరిక్ ష్లయర్‌మాకర్.

ముప్పై ఏళ్ల వయసులో, 1799లో, పేరు పెట్టుకోకుండా ఆయన ఒక చిన్న పుస్తకం అచ్చేశాడు. మతాన్ని చిన్నచూపు చూసే చదువుకున్న స్నేహితులకు చేసిన ప్రసంగాల రూపంలో అది ఉంటుంది. మతం జ్ఞానమూ కాదు, నీతీ కాదు, అది అనంతాన్ని చవిచూడటం, దాన్ని అనుభూతి చెందడం అన్నాడు. తర్వాత 1821లో వెలువడటం మొదలైన తన పెద్ద వేదాంత గ్రంథంలో, మనం పూర్తిగా దేవుని మీద ఆధారపడి ఉన్నామనే అనుభూతే భక్తికి మూలమన్నాడు. ఆరాధన గురించి కూడా ఆయనకు స్పష్టమైన ఆలోచన ఉంది. మనుషులు చేసే పనులు కొన్ని ఏదో ఫలితం కోసం చేసేవి, మరికొన్ని లోపల ఉన్నదాన్ని బయటికి చూపేవి. ఆరాధన రెండో రకం అన్నాడు. సంఘం తనలో అప్పటికే ఉన్న భక్తిని పాటగా, మాటగా, ప్రార్థనగా వ్యక్తం చేస్తుంది, ఒకరి నుంచి ఒకరికి అది పాకుతుంది.

అదే సమయంలో ఇంగ్లండులో వర్డ్స్‌వర్త్ 1800లో తన కవితా సంపుటికి రాసిన ముందుమాటలో కవిత్వమంటే బలమైన అనుభూతులు వాటంతట అవే పొంగిపొర్లడం అన్నాడు. మన భావకవులను కదిలించిన మాటల్లో ఇదొకటి. రాయప్రోలు సుబ్బారావు, దేవులపల్లి కృష్ణశాస్త్రి తెలుగు కవిత్వంలోకి తెచ్చిన ఆత్మాశ్రయ ధోరణికి వేరు అక్కడ ఉంది. 1925లో కృష్ణశాస్త్రి 'కృష్ణపక్షం' వచ్చాక తెలుగులో కవి అంటేనే తన గుండె చప్పుడు వినిపించేవాడు అనే అర్థం స్థిరపడింది.

లోపల ఉన్నది బయటికి రావాలి, అదే నిజం, బయట నుంచి ఇచ్చినది నకిలీ. ఈ నమ్మకం కవిత్వంలోకి ఒక దారిన, వేదాంతంలోకి ఒక దారిన, ఆ తర్వాత సినిమా పాటల్లోకి, ప్రేమలోకి, ఉద్యోగం ఎంచుకోవడంలోకి వచ్చింది. మనం పీల్చే గాలిలోనే ఉంది. అందుకే ఎక్కడి నుంచి వచ్చిందో కనిపించదు.

ఇక్కడ న్యాయంగా చెప్పాల్సినది ఒకటుంది. మన సంఘాల్లో అనుభూతికి ఇంత చోటు ఉండటానికి కాల్పనికవాదం ఒక్కటే కారణం కాదు. దానికి వంద సంవత్సరాల ముందే జర్మనీలో పైటిస్టులు హృదయం మారాలని బోధించారు. వారి కేంద్రం హాలే పట్టణం. మద్రాసులో పనిచేసిన బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ ఆ ఉద్యమం నుంచి వచ్చినవాడే. ఆయన తెలుగు పుస్తకాలు 1746లో ఆ హాలేలోనే అచ్చయ్యాయి. తెలుగు క్రైస్తవ అచ్చు పుస్తకానికి అదే పుట్టిల్లు. ష్లయర్‌మాకర్ పెరిగింది కూడా ఆ పైటిస్టుల బంధువులైన మొరావియన్ల బడిలో, తర్వాత ఆయన చదివిందీ, ప్రొఫెసరుగా మొదట పాఠాలు చెప్పిందీ హాలేలోనే. తర్వాత అమెరికా ఉజ్జీవ కూటాలు వచ్చాయి, పెంతెకొస్తు ఉద్యమం వచ్చింది. ఇవన్నీ కలిసిన నదిలో మనం ఉన్నాం. కానీ పైటిస్టులు అడిగింది వేరు: నువ్వు పశ్చాత్తాపపడ్డావా, నీ బతుకు మారిందా? ఈ క్షణంలో నీకేమనిపిస్తోంది, అది దానంతటదే వచ్చిందా, అదే నీ ఆరాధనకు రుజువు అనే కొలత మాత్రం కాల్పనికుల కొలత.

కాల్పనికులు మనకు మేలు కూడా చేశారు. దేవుణ్ణి లెక్కల పుస్తకంలోంచి బయటికి తెచ్చారు. పాడటం, నిశ్శబ్దంగా ఉండటం, అందం ముందు తలవంచడం కూడా దేవుణ్ణి తెలుసుకునే దారులేనని గుర్తుచేశారు. మంచి పాట విని నేనూ ఏడ్చినదాన్నే. ఆ ఏడుపును తక్కువ చేసి మాట్లాడటానికి ఈ ఉత్తరం రాయడం లేదు.

అయితే ఆ కవులూ ఆ వేదాంతీ నిజంగా చెప్పినదాంట్లో మనం సగమే తీసుకున్నాం.

వర్డ్స్‌వర్త్ వాక్యం 'పొంగిపొర్లడం'తో ఆగిపోలేదు. ఆ మాట చెప్పిన వెంటనే, ఎవరి కవితలైతే విలువైనవో వాళ్లు ఆ విషయం గురించి చాలాకాలం లోతుగా ఆలోచించినవాళ్లే అన్నాడు. మరికొన్ని పేజీల తర్వాత, కవిత్వం ప్రశాంతంగా ఉన్నప్పుడు గుర్తుచేసుకున్న అనుభూతిలోంచి పుడుతుందన్నాడు. అంటే అనుభూతి ముందు వచ్చి, చల్లారి, ఆలోచనలో నానిన తర్వాతే పాట. మా పిల్లలు పరీక్షలో మొదటి సగం రాసి వదిలేస్తారు. మన సంఘాలూ అదే చేశాయి.

వర్డ్స్‌వర్త్‌ను గురువుగా భావించిన జాన్ కీబుల్ అనే ఇంగ్లండు పాస్టరు గురించి మన వర్షిప్ లీడర్లు తెలుసుకోవాలని నా కోరిక. 1827లో ఆయన సంవత్సరంలోని ప్రతి ఆదివారానికీ, ప్రతి పండుగకూ ఒక్కో పద్యం రాసి పుస్తకం వేశాడు. ఆ శతాబ్దపు ఇంగ్లండులో అది ఇంటింటి పుస్తకం అయింది. ఆరు సంవత్సరాల తర్వాత, 1833 జూలై 14న ఆయన చేసిన ఒక ప్రసంగాన్నే ఆక్స్‌ఫర్డ్ ఉద్యమానికి, అంటే ఇంగ్లండు సంఘంలోకి పాత సంప్రదాయాన్ని తిరిగి తేవాలన్న ఉద్యమానికి, మొదలుగా లెక్కిస్తారు. కాల్పనికవాదంలోనే పుట్టి పెరిగిన మనిషి. ఆయన తన పుస్తకం ముందుమాటలో ఏమన్నాడో చూడండి: సరైన విశ్వాస నియమం తర్వాత, భక్తి జీవితంలో అంత ముఖ్యమైనది అనుభూతుల్లో నిగ్రహం. ఆ నిగ్రహాన్ని ఎప్పుడూ చేతిలో ఉండే ప్రార్థన పుస్తకమే నేర్పుతుందని ఆయన నమ్మకం. ఆక్స్‌ఫర్డ్‌లో కవిత్వం మీద లాటిన్‌లో పాఠాలు చెబుతూ, మోయలేని అనుభూతి ఉన్న మనసుకు కవిత్వం మందు అన్నాడు. ఎందుకంటే అది ఆ అనుభూతిని నేరుగా బయట పెట్టదు, ఒక తెర కప్పి, ఒక రూపంలో పెట్టి చెబుతుంది. గుండె చీల్చి చూపించమని అడగదు. ఆ పాఠాలను 1844లో అచ్చేసి వర్డ్స్‌వర్త్‌కే అంకితం ఇచ్చాడు.

మా చెల్లెలికి ఆ రోజు కావలసింది అలాంటి తెరే. ఆమెకు దొరికింది మాత్రం గుండె చూపించమనే ఆజ్ఞ.

ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో సాగిన, అనుభూతికి ఒక రూపం ఇచ్చే ఈ రెండో పాయ తెలుగు నేల మీదికి కూడా వచ్చింది, కానీ రాతి రూపంలో. మధ్యయుగాల మీద కాల్పనికులకున్న ప్రేమ అక్కడ గోతిక్ కట్టడాలను మళ్లీ లేపింది. ప్యూజిన్ అనే వాస్తుశిల్పి ఆ శైలే క్రైస్తవ శైలి అని వాదించాడు. ఆ గాలి మిషనరీలతో పాటు ఇక్కడిదాకా వచ్చింది. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించిన మెదక్ చర్చి ముందు నిలబడి తల ఎత్తి చూసినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. మొనదేలిన కమానులు, రంగుటద్దాల కిటికీలు, ఆకాశంలోకి లాగే గోపురం. అది ప్రార్థన చేసేవాళ్ల మూడ్ మీద ఆధారపడదు. ఏడ్చేవాడు వెళ్లినా, ఎండిపోయినవాడు వెళ్లినా అక్కడే ఉంటుంది. ఆ కమానుల్లోనే పవిత్రత ఉందని నేను అనను. పూరి పాకలో మోకరించిన మా తాతల ప్రార్థన అంతకంటే తక్కువది కాదు.

ఇప్పుడు ష్లయర్‌మాకర్ దగ్గరికి మళ్లీ వస్తాను. ఆయన అనుభూతి అన్నది మనం అనుకునే సంతోషం, దుఃఖం, ఒళ్లు జలదరించడం లాంటిది కాదు. అవి వచ్చి పోయేవి. ఆయన చెప్పింది వాటన్నిటికీ అడుగున ఉండే ఎరుక, నేను నా అంతట నేను లేను, దేవుని వల్ల ఉన్నాను అనే ఎరుక. డిప్రెషన్‌లో ఉన్న మనిషి ఏ సంతోషమూ అనుభవించలేకపోయినా ఆ ఎరుకలో ఉండవచ్చు. "దేవుడు నన్ను వదిలేశాడేమో" అని భయపడిన మా చెల్లెలికి ఆ ఎరుక లేదని ఎవరైనా అనగలరా? ఆధారపడి ఉన్నానని తెలియనివాడికి వదిలేస్తాడనే భయం ఎందుకు?

1829 శరదృతువులో ష్లయర్‌మాకర్ కొడుకు నథనియేల్ చనిపోయాడు. తొమ్మిదేళ్ల పిల్లవాడు. సమాధి దగ్గర ప్రసంగం తండ్రే చేశాడు. అనుభూతి వేదాంతి కదా, ఆ రోజు ఆయన దేని మీద నిలబడ్డాడు? నాకు ఈ ఆదరణ, ఈ నిరీక్షణ లేఖనంలోని మాటలోనే ఉన్నాయని చెప్పి రెండు వాక్యాలు ఎత్తాడు. ఒకటి యోహాను మొదటి పత్రికలోది: మనమిక ఏమవుదుమో అది ఇంక ప్రత్యక్షపరచబడలేదు. ఇంకొకటి, నాకు అనుగ్రహించినవారు నేనున్నచోట నాతో ఉండాలని ప్రభువు తండ్రికి చేసిన ప్రార్థన. ఆ మాటలు ఆయన గుండెలో నుంచి పొంగినవి కావు. పదిహేడు వందల ఏళ్ల కిందట రాసిపెట్టినవి. బిడ్డను మట్టిలో పెడుతున్న తండ్రికి సొంత మాటలు లేనప్పుడు నోటికి అందినవి. 1834 ఫిబ్రవరిలో తన మరణ పడక మీద ఇంట్లోవాళ్లకు ప్రభు భోజనం ఇస్తూ కూడా, ప్రభువు ఆ రాత్రి పలికిన మాటలనే పలికి, వాటి మీదే తన విశ్వాసం ఆనుకుని ఉందన్నాడు.

ఈ ఒక్క సంగతి వేదాంత కళాశాలల్లో ప్రతి విద్యార్థికీ చెప్పమని నా మనవి. నా దగ్గర తెలుగు చదివి తర్వాత వేదాంతం చదివిన పిల్లలను అడిగాను. ష్లయర్‌మాకర్ సిద్ధాంతాల పేపర్లో వస్తాడట, కొన్ని మార్కుల ప్రశ్నగా. ఆదివారం మైకు పట్టుకున్నప్పుడు తాము చెప్పే మాటకూ ఆయనకూ సంబంధం ఉందని వాళ్లకు ఎవరూ చెప్పలేదట.

ఇక లేఖనం. ఇక్కడ మీకు నేను నేర్పేది ఏమీ లేదు, మీరే నాకు నేర్పారు. "రండి నమస్కారము చేసి సాగిలపడుదము" అన్నది కీర్తన. ఆరాధనకు హీబ్రూలో తరచుగా వాడే మాటకు అర్థం వంగడం, సాగిలపడటం అని మా చిన్నప్పటి అయ్యగారు చెప్పేవారు. సాగిలపడటం ఒంటితో చేసే పని. మనసు వెంట వస్తే మంచిదే, రాకపోతే ఒళ్లు ముందు వెళ్తుంది. గెత్సేమనేలో ప్రభువు మూడోసారి ప్రార్థించినప్పుడు కొత్త మాటలు వెతుక్కోలేదు. "ఆ మాటలే చెప్పుచు" అని మత్తయి రాశాడు. సిలువ మీద ఆఖరి బాధలో ఆయన నోట వచ్చింది 22వ కీర్తన మొదటి వాక్యం, చిన్నప్పటి నుంచి విన్న పాట. కంఠస్థం చేసిన మాటలు చచ్చినవైతే ఆ రెండు ప్రార్థనలను ఏమనాలి?

88వ కీర్తన చివరి మాట "చీకటియే నాకు బంధువర్గమాయెను." అక్కడితో అయిపోతుంది. ఆమెన్ లేదు, ఆదరణ లేదు. ఇశ్రాయేలు దాన్ని చింపి పారేయలేదు, ఆరాధన పుస్తకంలో పెట్టింది, పాడుకుంది. నేను మన గుళ్లలో ఎన్నో ఏళ్లుగా దాన్ని బిగ్గరగా చదవగా వినలేదు. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి ఈ కీర్తన గుడిలో వినిపిస్తే, నా చీకటికి కూడా ఇక్కడ ఒక కుర్చీ ఉందని తెలుస్తుంది. చీకటి ఉన్నవాళ్లు కూడా ఆరాధించారని తెలుస్తుంది.

అనుభూతి పాపమని పాతవాళ్లు అనలేదు. అగస్టీను మిలాను సంఘంలో పాటలు విని ఏడ్చానని తానే రాసుకున్నాడు. అదే మనిషి, పాడే విషయం కంటే పాట తనను ఎక్కువ కదిలించినప్పుడు తప్పు చేసినట్టు భావిస్తానని కూడా రాశాడు. ఈ రెండు మాటలూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. మనం రెండోది చదవడం మానేశాం.

తెలుగువాళ్లం కాబట్టి మనకు ఇంకో సాయం ఉంది. భావకవిత్వం రాకముందు వందల ఏళ్ల పాటు మనవాళ్లు అనుభూతి గురించి వేరేలా ఆలోచించారు. విభావానుభావ వ్యభిచారి భావాల కలయిక వల్ల రసం పుడుతుందని నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పాడు. మాట, రాగం, అభినయం, సందర్భం, ఇవన్నీ సరిగ్గా అమరితే వినేవాడిలో రసం పుడుతుంది. కవి ఆ క్షణంలో ఏడుస్తున్నాడా లేదా అన్నది ప్రశ్నే కాదు. రూపం ముందు, అనుభూతి తర్వాత. అదీ వస్తే.

మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు తీసి చూడండి. చాలా కీర్తనల మీద రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. కింద పల్లవి, అనుపల్లవి, చరణాలు. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరిగారి వంటివారు ఈ దారి వేశారు. ఆ పుస్తకం నీకు ఏమనిపిస్తోందని అడగదు. క్రీస్తు ఎవరో, ఏం చేశాడో చెప్పమంటుంది, పలానా రాగంలో, పలానా తాళంలో. చదువు రాని మా నానమ్మకు అరవై డెబ్భై కీర్తనలు చరణాలతో సహా వచ్చు. వరి కోతల్లో పాడేది, పురిటి ఇంట్లో పాడేది, శవం దగ్గర పాడేది. ఏ పూట ఏ అనుభూతితో పాడిందో ఆమెనెవరూ అడగలేదు. నోటిలో పాట సిద్ధంగా ఉండేది, మనసు వచ్చినప్పుడు వచ్చి చేరేది.

పాత కీర్తనల్లో 'నేను' లేదా అని మీరడగవచ్చు. ఉంది, దావీదు కీర్తనల నిండా ఉంది. కానీ ఆ 'నేను' ఎవరైనా వచ్చి కూర్చోగల అరుగు లాంటిది. నా పాపం, నా శత్రువులు, నా భయం అని దావీదు అంటే, వెయ్యేళ్ల తర్వాత పాడేవాడు అందులో తన పాపం, తన భయం పెట్టుకోగలడు. ఇప్పుడు మనం పాడే చాలా పాటల్లో 'నేను' ఇప్పటికే సంతోషంగా ఉన్నవాడు, ఇప్పటికే తాకబడినవాడు, ఇప్పటికే కన్నీళ్లలో ఉన్నవాడు. అలా లేనివాడు ఆ పాట పాడితే అబద్ధం ఆడినట్టవుతుంది, పాడకపోతే బయటివాడు అవుతాడు. మా చెల్లెలు నిజాయితీపరురాలు కాబట్టి పాడడం మానేసింది.

ఇంకో సంగతి మ్యూజిక్ టీమ్ తమ్ముళ్లకు బాగా తెలుసు. లైట్లు తగ్గించి, డ్రమ్స్ ఆపి, కీబోర్డులో ప్యాడ్స్ మాత్రం ఉంచి, ఒకే వాక్యాన్ని ఎనిమిదిసార్లు తిప్పి, తొమ్మిదోసారి అన్నీ కలిపి లేపితే జనం కదులుతారు. అది నేర్చుకున్న పని, కష్టపడి ప్రాక్టీసు చేసిన పని. అందులో తప్పేమీ లేదు. రాగం కూడా అలాంటి పనే. కానీ నేర్పుతో తెచ్చిన కదలికను దానంతటదే పొంగిన ఆత్మ కార్యంగా చెప్పి, అది రానివాళ్లను ఆరాధన చేయనివాళ్లుగా లెక్కించడం మాత్రం న్యాయం కాదు.

ఏం చేయమంటారని అడుగుతారు. ముందుగా ఆ వాక్యం మానేయండి. "ఫీల్ కాకపోతే ఆరాధన కాదు" అనే మాట మైకులో ఇంకెప్పుడూ రాకుండా చూడండి. పాస్టర్ అయ్యగార్లే టీమ్‌ను కూర్చోబెట్టి చెప్పాలి, ఆ పిల్లలు మీ మాట వింటారు. ప్రతి ఆదివారం ఒక కీర్తన మొత్తం చదివించండి, 13, 42, 88 వంటివి వదలకుండా. "నా ప్రాణమా, నీవు ఏల క్రుంగియున్నావు?" అని సంఘమంతా కలిసి అంటే అప్పటికే క్రుంగిపోయినవాళ్లకు తోడు దొరుకుతుంది. ప్రభువు నేర్పిన ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పాపపు ఒప్పుకోలు మానేసిన సంఘాలు వాటిని తిరిగి తెచ్చుకోండి. సండే స్కూలు పిల్లలకు ఏడాదికి కనీసం నాలుగు పాత కీర్తనలు రాగంతో నేర్పించండి. హార్మోనియం వాయించే పెద్దవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు, వాళ్లు ఉండగానే. పాటల మధ్య ఒకటి రెండు నిమిషాలు ఏ శబ్దమూ లేకుండా ఉంచండి. ఆ నిశ్శబ్దంలో ఎవరికి ఏమనిపించిందో ఎవరినీ సాక్ష్యం అడగవద్దు.

కొత్త పాటలు మానేయమని నేను అనడం లేదు. రాసే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారు, మంచి పాటలు రాస్తున్నారు. రాసేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోమంటాను: మీ పాట ఎండిపోయిన మనిషి కూడా అబద్ధం ఆడకుండా పాడగలిగేలా ఉందా?

మా చెల్లెలు ఈ మధ్య కొంచెం తేరుకుంది. మందులు పనిచేస్తున్నాయి, డాక్టరు గారు మంచివారు. రాత్రిళ్లు మా ఇంట్లో కీర్తనల పుస్తకం తీసి పెదవులు కదిలిస్తూ చదువుకుంటుంది, గొంతు ఎత్తదు. ఏమనిపిస్తోందని నేను అడగడం లేదు. వచ్చే నెల నుంచి గుడికి వస్తానంది, కానీ మునుపటి గుడికి కాదు. ఎక్కడికి తీసుకెళ్లాలో ఇంకా అనుకోలేదు. ఈ ఉత్తరం చదివిన మీలో ఎవరి గుడికైనా మేమిద్దరం రావచ్చు.

వస్తే వెనక వరుసలో కూర్చుంటుంది. చేతులు ఎత్తదు, కళ్లు మూసుకోదు, బహుశా పాడదు కూడా. ప్రభువు నేర్పిన ప్రార్థన దగ్గర మాత్రం పెదవులు కదుపుతుంది. దయచేసి మైకులోంచి ఆమెను చేతులు ఎత్తమనకండి.

ఇట్లు
ప్రభువునందు మీ సహోదరి,
ఒక తెలుగు అధ్యాపకురాలు